మేత అడగని సరుకు: పెబ్బేరు రహదారి భూములు, ధరబుడగ, దాని దీర్ఘకాలిక పర్యవసానాలు

వ్యాససంగ్రహం:

2005-2008 మధ్య హైదరాబాదు చుట్టూ లేచిన భూమి ధరల ఉధృతి బెంగళూరు రహదారి వెంట పాలమూరు దక్షిణ ప్రాంతం దాకా పాకింది. జపాను భూమి ధరల పతనానికి బ్యాంకుల ఖాతాల్లోనూ, ప్రభుత్వ ప్రకటనల్లోనూ లెక్క దొరుకుతుంది. మన ప్రాంతంలో అటువంటి లెక్క దొరకదు. ఇక్కడి బుడగ చాలామేరకు బ్యాంకుల బయట, బయానా కాగితాల మీద, చేబదులు నోట్ల మీద పెరగడం అందుకు కారణం. పెబ్బేరు వంటి రహదారి పట్టణంలో దాని పర్యవసానాలను వెతకాలంటే ధరను చూస్తే చాలదు. మిత్తిని, పడావు పడ్డ నేలను, ప్రజల మాటల్లో చేరిన పదాలను చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెబ్బేరు, పాలమూరు, ధరబుడగ, భూమి, బయానా, మిత్తి, పడావు, జపాను.

1. ప్రవేశిక

పాలమూరు ప్రాంతంలో భూమి గురించి మాట్లాడే ఎవరి నోటనైనా ఒక మాట తప్పక వినిపిస్తుంది: భూమి ధర పెరగడమే గాని తగ్గడం ఉండదు. ఇది అనుభవం నుండి వచ్చిన మాటగానే కనిపిస్తుంది. జపానులోనూ సరిగ్గా ఇదే నమ్మకం ఉండేది. దానిని అక్కడివారు తర్వాత ‘తొచి షిన్వా’ అన్నారు, అంటే భూమి గురించిన పురాణగాథ. వాళ్ల నమ్మకానికి పురాణమని పేరుపడింది. మన నమ్మకం ఇంకా సామెత స్థాయిలోనే నిలిచి ఉంది. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

ఒక వస్తువు వల్ల వచ్చే ఆదాయంతో సంబంధం లేకుండా, రేపు ఇంకొకరు ఎక్కువకు కొంటారన్న ఆశ మీదనే దాని ధర పెరుగుతూ పోతే దానిని ఆర్థికశాస్త్రం ధరబుడగ అంటుంది. చెల్క మీద పండే జొన్న, ఆముదం, వేరుశనగ ఎకరాకు ఎంత మిగులుస్తాయో రైతుకు తెలుసు. ఆ మిగులుతో ఏ లెక్కన చూసినా పొసగని ధరకు ఆ చెల్క అమ్ముడుపోయిందంటే కొన్నవాడు పంటను చూసి కొనలేదని అర్థం.

ఈ పరిశీలనకు పెబ్బేరును ఎంచుకోవడానికి కారణాలున్నాయి. హైదరాబాదు నుండి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఇది. పాత 7వ నంబరు రహదారే నేటి 44. ఒకప్పుడు వనపర్తి సంస్థానపు సీమ, ఆపై మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుండి వనపర్తి జిల్లా. జూరాల ఎడమ కాలువ నీళ్లు అందే తరి పొలాలు ఒకవైపు, వానను నమ్ముకున్న ఖుష్కి చెల్కలు మరొకవైపు. పశువులకూ గొర్రెలకూ పేరుపొందిన వారపు సంత ఉన్న ఊరు. నగరపు భూమి ధరల ఉధృతికి పెబ్బేరు ఎన్నడూ కేంద్రం కాలేదు, అంచుగానే ఉంది. కేంద్రం చరిత్ర పత్రికల్లో వచ్చింది. అంచున ఏమి మిగిలిందన్నది అంతగా నమోదు కాలేదు.

2. జపాను: లెక్క ఉన్న బుడగ

పోలిక కోసం జపాను సంగతి కొంత చెప్పుకోవాలి. 1985 సెప్టెంబరు 22న న్యూయార్కులోని ప్లాజా హోటలులో అయిదు దేశాల ఆర్థిక మంత్రులు కుదుర్చుకొన్న ఒప్పందంతో యెన్ విలువ వేగంగా పెరిగింది. ఎగుమతులు దెబ్బతింటాయన్న భయంతో జపాను కేంద్ర బ్యాంకు తన వడ్డీరేటును 5 శాతం నుండి తగ్గిస్తూ 1987 ఫిబ్రవరి నాటికి 2.5 శాతానికి తెచ్చింది. 1989 మే దాకా అక్కడే ఉంచింది. చౌక అప్పు భూమి మీదకు మళ్లింది. భూమిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చి, ఆ అప్పుతో మళ్లీ భూమి కొనడం, పెరిగిన ధర చూపి మరింత అప్పు తేవడం అన్న చక్రం తిరిగింది. షేర్ల సూచీ నిక్కై 1989 డిసెంబరు 29న 38,915 వద్ద శిఖరాన్ని తాకింది. కేంద్ర బ్యాంకు 1990 ఆగస్టు నాటికి వడ్డీని 6 శాతానికి పెంచింది. అదే ఏడాది స్థిరాస్తి రుణాలకు ఆర్థిక శాఖ పగ్గం వేసింది. ముందు షేర్లు, వెనుక భూమి కూలాయి.

ఇక్కడ మనకు ముఖ్యమైనది ఆ పతనానికి ఉన్న లెక్క. 1970 నుండి జపాను ప్రభుత్వం ఏటా జనవరి 1 నాటి భూమి ధరలను స్థలాల వారీగా పరిశీలించి ప్రకటిస్తోంది. ఆ ప్రకటనల్లో దేశపు సగటు 1992 నుండి 2006 దాకా ఒక్క ఏడు కూడా తప్పకుండా పడిపోతూ వచ్చింది. పదిహేను సార్లు వరుసగా ప్రభుత్వమే తన ప్రజలకు మీ భూమి ధర తగ్గిందని చెప్పింది. అప్పులన్నీ బ్యాంకు ఖాతాల్లో ఉన్నందున దెబ్బ కూడా అక్కడే పడింది. మొండి బాకీలను మొండివని ఒప్పుకోకుండా, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇస్తూ బ్యాంకులు కొన్నేళ్లు నెట్టుకొచ్చాయి. 1997 నవంబరులో హొక్కైడో తకుషోకు బ్యాంకు, యమైచి సెక్యూరిటీస్ ఒకే నెలలో మూతపడ్డాక దాచడం సాధ్యం కాలేదు. నిక్కై 1989 నాటి శిఖరాన్ని తిరిగి దాటింది 2024 ఫిబ్రవరిలో. అంటే ముప్పై నాలుగేళ్లకు. ఆ నాడు కొలువులో చేరిన యువకుడు ఉద్యోగ విరమణకు దగ్గరపడేంత కాలమది.

3. హైదరాబాదు: ఒక రైలు, రెండు అంకెలు

2000 తర్వాత హైదరాబాదు పడమర, దక్షిణ దిక్కుల భూములకు ఆశ కల్పించినవి అన్నీ నిజమైన పనులే. సాఫ్ట్‌వేర్ కొలువులు నిజం. 158 కిలోమీటర్ల వెలుపలి వలయ రహదారి నిజం. 2008 మార్చిలో శంషాబాదులో మొదలైన విమానాశ్రయం నిజం. బుడగలు అబద్ధాల మీద లేవవు. నిజమైన పనికి దాని వయసుకు మించిన ధర కట్టినప్పుడే లేస్తాయి. 2006 జూలైలో హుడా కోకాపేటలో జరిపిన వేలంలో ఎకరా ధర 14 కోట్ల రూపాయలు దాటింది. వేలంలో గెలిచినవారిలో కొందరు ఆ తర్వాత మిగతా సొమ్ము చెల్లించకుండా, ఆ నేల హక్కు మీదనే వివాదం ఉందంటూ న్యాయస్థానాలకు ఎక్కారు.

ఆ కాలపు ఉధృతిని కొలవడానికి భూమి ధరల పట్టిక మన దగ్గర లేదు. దానికి బదులు మెట్రో రైలు ఉంది. 2008లో హైదరాబాదు మెట్రో పనికి మేటాస్ నాయకత్వంలోని సంస్థల కూటమి వేసిన టెండరు అందరినీ నివ్వెరపరిచింది. రైలు కట్టడానికి ప్రభుత్వాన్ని సొమ్ము అడగకపోగా, ఒప్పంద కాలంలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తామని ఆ కూటమి ముందుకొచ్చింది. టికెట్లతో అంత సొమ్ము రాదన్నది ఎవరికైనా తెలిసిన విషయమే. లెక్కంతా స్టేషన్ల దగ్గర, డిపోల దగ్గర దొరికే స్థలాల మీద ఉంది. ఢిల్లీ మెట్రోను నడిపిన ఇ. శ్రీధరన్ ఈ పద్ధతిని తప్పుపడుతూ ప్రణాళికా సంఘానికి రాసిన లేఖ అప్పట్లో పెద్ద వివాదమైంది. అయినా 2008 సెప్టెంబరులో, అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలిన నెలలోనే, ఒప్పందం కుదిరింది.

తర్వాతి కథ తెలిసినదే. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ తన వ్యవస్థాపక కుటుంబానికే చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మదుపరుల ఆగ్రహంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న బి. రామలింగరాజు రాసిన లేఖలో, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొన్నారు. మేటాస్ కొనుగోలు ఆ లేని సొమ్ము స్థానంలో ఉన్న ఆస్తిని నింపడానికి చేసిన చివరి ప్రయత్నమని కూడా అందులోనే ఉంది. ఆ ‘ఉన్న ఆస్తి’కి పునాది నేలే. సాఫ్ట్‌వేర్ ఖాతాలోని చిల్లిని భూమి ధరతో పూడ్చవచ్చని ఒక పెద్ద సంస్థ నమ్మిందంటే ఆనాటి గాలి ఎటువంటిదో ఊహించవచ్చు.

2009 జూలైలో మెట్రో ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడు అదే పనిని ఎల్ అండ్ టి దక్కించుకొంది. ఈసారి ప్రభుత్వమే 1,458 కోట్ల రూపాయల సాయం ఇవ్వాలన్నది టెండరు. మార్గం పొడవు కొంత మారింది గాని రైలు అదే, నగరం అదే. రెండేళ్ల లోపల ఒక అంకె ఇవ్వడం నుండి అడగడంలోకి తిరిగిపోయింది. నా దృష్టిలో తెలుగునేల మీద ఆ బుడగ పగిలిందనడానికి ఇంతకంటె స్పష్టమైన లిఖిత సాక్ష్యం లేదు.

ఇందులో మరొక సంగతి ఉంది. భూమి కొనుగోళ్లు ఆగిపోవడానికి తెలంగాణ ఉద్యమం కారణమన్న అభిప్రాయం నేటికీ బలంగా ఉంది. రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్న కేంద్ర ప్రకటన 2009 డిసెంబరు 9న వచ్చింది. మెట్రో ఒప్పందం అంతకు అయిదు నెలల ముందే రద్దయింది. సత్యం లేఖ పదకొండు నెలల ముందటిది. అనిశ్చితి ఆ స్తబ్దతను పొడిగించి ఉండవచ్చు, పుట్టించలేదు. వ్యాపారపు తప్పును ఉద్యమం ఖాతాలో రాయడం చరిత్రకు సమ్మతం కాదు.

4. ఎకరం నుండి గజానికి

శంషాబాదు నుండి షాద్‌నగర్, జడ్చర్ల, అడ్డాకుల, కొత్తకోటల మీదుగా పెబ్బేరు చేరేసరికి అల పలచబడింది. ఎంత పలచబడినా అది వచ్చిన గుర్తు ఒకటి స్పష్టంగా ఉంది, కొలత మారడం. పంట భూమికి పాలమూరులో కొలత ఎకరం, గుంట. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. రైతు నోట గజం అన్న మాట ఇంటి జాగకు తప్ప వచ్చేది కాదు. చెల్కను గజాల్లో చెప్పడం మొదలైన రోజున అది చెల్కగా ఉండడం ముగిసిందనవచ్చు.

ఈ కొలత మార్పులోనే లాభం దాగి ఉంది. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఎకరాకు 4,840 గజాలు. దారులకూ ఖాళీ స్థలాలకూ సుమారు 40 శాతం పోగా 2,900 గజాలు మిగులుతాయి. రహదారి పక్క చెల్కను ఎకరా 5 లక్షలకు కొన్నవాడు గజం 500 చొప్పున అమ్మితే 14 లక్షల 50 వేలు వస్తాయి. గజం 500 అంటే కొనేవాడికి చౌకగా వినిపిస్తుంది. ఎకరా పదునాలుగున్నర లక్షలంటే అదే మనిషి ఉలిక్కిపడతాడు. ఒకే నేలను రెండు కొలతల్లో చెప్పడం వల్ల రెండు ధరలు పుట్టాయి.

ఈ క్రమంలో పలుకుబడి కూడా మారింది. ‘వెంచర్’ తెలుగు మాటై ‘వెంచర్ వేశారు’ అన్నది పందిరి వేశారన్నంత సహజమైంది. పడమటి ముఖం, తూర్పు ముఖం అన్న వాస్తు మాటలు ‘ఈస్ట్ ఫేసింగ్’గా దిగాయి. ‘రియల్’ విశేషణం కాస్తా నామవాచకమై, ‘రియల్ చేస్తున్నాడు’ అన్నది ఒక వృత్తి పేరయింది. బూమ్ అన్న మాటను ‘భూమ్’ అని ఒత్తుతో రాసినవారూ ఉన్నారు. అది అచ్చుతప్పో చమత్కారమో తేల్చడం కష్టం. ఈ మాటల్లో చాలావరకు నగరం నుండి వచ్చినవే. వ్యాపారాన్ని నడిపిన అసలు మాట మాత్రం పాతది, బయానా.

బయానా అంటే బేరం కుదిరినప్పుడు ఇచ్చే ముందస్తు సొమ్ము. పశువు బేరానికీ, పంట బేరానికీ, పెళ్లి పందిరికీ ఈ ప్రాంతంలో ఉన్న ఆచారమే. ఉధృతి కాలంలో దీని పని మారింది. రైతుతో ఎకరాకు ఒక ధర కుదుర్చుకొని, కొంత బయానా ఇచ్చి, మూడు నాలుగు నెలల గడువుతో కాగితం రాసుకొన్న వ్యక్తి, గడువులోగా ఆ కాగితాన్నే మరొకరికి ఎక్కువ ధరకు మార్చేవాడు. రెండవ వ్యక్తి మూడవవాడికి. చివరి వ్యక్తి మిగతా సొమ్ముతో వచ్చి రిజిస్ట్రేషను చేయించుకొంటేనే వెనుక అందరి లాభమూ నిజమవుతుంది. నేల కదలలేదు, పట్టా మారలేదు, కాగితం మాత్రం చేతులు మారింది. ఇది కుర్చీలాట వంటిది. పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో కాగితం ఉంటే వారే చిక్కినవారు. 2008 చివరలో పాట ఆగింది.

ఆ కాగితాల్లో అధికభాగం రిజిస్టరు కానివి. కనుక ప్రభుత్వ దస్తావేజుల్లో ఆ బేరాలు లేవు. సాదా కాగితం మీద భూమి రాసుకొనే ‘సాదాబైనామా’ పద్ధతి తెలంగాణలో పేదల భూముల విషయంలో ఎప్పటి నుండో ఉన్నదే. స్టాంపు ఖర్చుకు వెనుకాడి, నమ్మకం మీద ఆధారపడి రాసుకొన్న ఆ కాగితమే ఇక్కడ సట్టాకు సాధనమైంది.

ఇదే రహదారి మీద ఇదే కాలంలో భూమికి రెండవ ముఖం కూడా కనిపించిందని మరువరాదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ప్రత్యేక ఆర్థిక మండలి కోసం ప్రభుత్వం సేకరించిన భూములకు దక్కిన పరిహారం, చుట్టుపక్కల బేరాల్లో వినిపించిన ధరల ముందు ఏ మూలకూ చాలనిది. ఆ బాధితుల్లో కొందరు 2008 జడ్చర్ల ఉపఎన్నికలో తామే అభ్యర్థులుగా నిలబడి తమ గోడు వినిపించారు. ధర పెరిగిందన్న వార్త అందరికీ అందింది, పెరిగిన ధర మాత్రం అందరికీ అందలేదు.

5. మేత అడగని సరుకు

పెబ్బేరు సంతకు వచ్చే కోడెదూడ ధర వారం వారం తేలుతుంది. పళ్లు చూసి, నడిపించి, మూపు నిమిరి చూసి బేరమాడతారు. బేరం కుదరకపోతే అమ్మేవాడికి ఇంటికి తోలుకుపోయే ఖర్చు, మరో వారం మేత ఖర్చు తప్పవు. అందుకే ఎండకాలంలో గడ్డి కరువైతే ధర తగ్గించైనా అమ్ముకుంటారు. సంతలో ధర పడిపోవడం అందరి కళ్లెదుట జరుగుతుంది. కరువు సంవత్సరాల్లో ఎడ్ల ధర ఎంతకు దిగిందో పాత తరం వారికి గుర్తుంటుంది.

భూమి మేత అడగదు. అడిగిన ధర రాకపోతే ఉండనీ అని ఊరుకోవచ్చు. 2009 తర్వాత రహదారి వెంట జరిగింది ఇదే. ధర ఎంత అని అడిగితే 2008 నాటి ధరే చెప్పేవారు. ఆ ధరకు కొనేవాడు లేడు, తగ్గించి అమ్మేవాడూ లేడు. అమ్మకం జరగలేదు కనుక ధర తగ్గలేదు. మొదట చెప్పుకొన్న సామెత ఈ విధంగా చెక్కుచెదరకుండా బయటపడింది. కొనుగోళ్లు నిలిచిపోయిన మార్కెట్టులో చివరి ధర గోడగడియారంలో ఆగిపోయిన ముల్లు వంటిది. అది చూపే వేళను నమ్మి ఎవరూ బస్సు ఎక్కరు.

ప్రభుత్వం చెప్పే ధర కూడా ఇందుకు సహాయపడలేదు. రిజిస్ట్రేషను శాఖ ‘మార్కెట్ విలువ’ అనే పేరుతో ప్రాంతాల వారీగా ఒక అంకె నిర్ణయిస్తుంది. 2013 ఆగస్టులో సవరించిన ఆ విలువలను తెలంగాణలో మళ్లీ సవరించింది 2021 జూలైలో. జపానులో ఏటా మారిన అంకె ఇక్కడ ఎనిమిదేళ్లు కదలలేదు. పెరిగినా తగ్గినా ప్రభుత్వ పుస్తకానికి తెలియదు. కనుక పాలమూరు భూమి చరిత్ర రాసేవారు ధర అన్న సాక్ష్యాన్ని పక్కన పెట్టి, ఒక అమ్మకానికీ మరొక అమ్మకానికీ మధ్య గడిచిన కాలాన్ని కొలతగా తీసుకోవడం మేలు. జపానులో బుడగ పగిలి ధర పడింది. ఇక్కడ కాలం పడింది.

6. మిత్తి

భూమి మేత అడగదు గాని దాని వెనుక తెచ్చిన అప్పు అడుగుతుంది. ఆ మేతకు ఇక్కడి పేరు మిత్తి.

ఈ దశలో రిజర్వు బ్యాంకు పాత్రను ప్రస్తావించాలి. 2003 సెప్టెంబరు నుండి 2008 సెప్టెంబరు దాకా గవర్నరుగా ఉన్నవారు తెలుగువారైన యాగా వేణుగోపాల్‌రెడ్డి. ఆయన హయాంలో గృహరుణాల మీద, వాణిజ్య స్థిరాస్తి రుణాల మీద బ్యాంకులు కేటాయించవలసిన మూలధనపు భారాన్ని పెంచారు. వాణిజ్య స్థిరాస్తికి ఆ భారం 100 శాతం నుండి 2005లో 125కు, 2006లో 150కి పెరిగింది. స్థిరాస్తి వ్యాపారులు నేల కొనడానికి బ్యాంకు సొమ్ము వాడకుండా కట్టడి చేశారు. జపాను చేయవలసి ఉండి చేయని పని ఇది. 2008లో ప్రపంచపు పెద్ద బ్యాంకులు కూలుతుంటే మన బ్యాంకులు నిలబడడానికి ఇది ఒక కారణమని ఆర్థికవేత్తలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే.

అయితే అది సగం చరిత్ర. బ్యాంకు తలుపు మూసినంత మాత్రాన ఆశ ఆగలేదు, పెరటిదారి వెతుక్కుంది. చిట్టీ ఎత్తిన సొమ్ము, పుస్తెలతాడు కుదువ పెట్టిన సొమ్ము, పంట అప్పు పేరిట బంగారం మీద తెచ్చిన సొమ్ము, అన్నిటికంటె ఎక్కువగా చేబదులు నోటు మీద తెచ్చిన సొమ్ము బయానాలుగా, ప్లాట్ల వాయిదాలుగా మారింది. బుడగ పగిలినప్పుడు బ్యాంకులు భద్రంగా ఉన్నాయి. నష్టం ఎక్కడికీ పోలేదు, లెక్కలు రాయని ఇళ్లలో దిగింది.

పాలమూరు పల్లెల్లో రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. ప్రామిసరీ నోటుకు చట్టంలో కాలపరిమితి మూడేళ్లు. గడువు దాటితే దావాకు పనికిరాదు కనుక మూడేళ్లు నిండకముందే మిత్తిని అసలుతో కలిపి నోటు తిరగరాస్తారు. లక్ష రూపాయల అప్పు మూడేళ్లకు 1 లక్ష 72 వేలు. తిరగరాస్తే ఆరేళ్లకు 2 లక్షల 95 వేలు దాటుతుంది. మరోసారి తిరగరాస్తే తొమ్మిదేళ్లకు 5 లక్షల 8 వేలు. 2008లో లక్ష అప్పు చేసి ప్లాటు కొన్నవాడు 2017లో అయిదింతలకు అమ్మినా చేతికి మిగిలేది లేదు. మధ్యలో ఏటా కొంత చెల్లించినవాడు ఆ మేరకు ఇంటి ఖర్చు తగ్గించుకొన్నాడన్నమాట.

జపాను బ్యాంకులు పాత బాకీకి కొత్త అప్పు ఇచ్చి నష్టాన్ని వాయిదా వేశాయని ముందు చూశాం. పెబ్బేరులో తిరగరాసిన నోటు చేసే పని కూడా అదే. కాకపోతే అక్కడ ఆ వ్యవహారాన్ని వెలికితీసి పార్లమెంటు చర్చించింది, ప్రజాధనంతో బ్యాంకులను నిలబెట్టింది. ఇక్కడ తిరగరాసిన నోటు చించేసిన పాత నోటుతో పాటు సాక్ష్యాన్నీ చించేస్తుంది. కొత్త నోటు మీద అంకె ఒక్కటే ఉంటుంది. అందులో అసలెంతో మిత్తెంతో ఆ ఇంటి ఇల్లాలికి తప్ప ఎవరికీ తెలియదు.

పాలమూరు కూలీల సంగతి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దేశమంతటా ఆనకట్టలు కట్టిన పాలమూరు వలస కూలీలే హైదరాబాదు నిర్మాణాల్లోనూ రాళ్లు మోశారు. నగరంలో కట్టడం ఆగితే వారి కూలి ఆగింది. ప్లాటు కొన్నవాడి నష్టం గురించి కొంతైనా చర్చ ఉంది. ప్లాటు ఊసే ఎరగని వలస కూలీ ఆ బుడగకు చెల్లించిన మూల్యాన్ని ఎవరూ కట్టి చూడలేదు.

7. పడావు

వెంచర్ వేయడమంటే మొదట చేసే పని దున్నడం ఆపడం. చెల్కను చదును చేసి, ఎర్రమట్టి దారులు తీసి, కడీలు పాతి, వాటికి తెల్లరంగు వేస్తారు. కొన్నవారు దూరపు ఊళ్లలో ఉంటారు. ఒక్కొక్కరిది 150 గజాలో 200 గజాలో. ఇరవై ముప్పై మంది కలిస్తే తప్ప ఆ నేలను మళ్లీ కౌలుకు ఇవ్వలేరు. అందువల్ల రెండు మూడు వానాకాలాల్లో సర్కారు తుమ్మ మొలుస్తుంది, రంగు పోతుంది, కొన్ని కడీలు పడిపోతాయి, హద్దులు కలిసిపోతాయి. తెలంగాణ పలుకుబడిలో ఇటువంటి నేల పడావు పడ్డది. కరువుకు పడావు పడ్డ నేల వానొస్తే లేస్తుంది. గజాలుగా చీలి పడావు పడ్డ నేలను లేపడానికి వాన చాలదు.

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డాక ఆశ మళ్లీ చిగిర్చింది. 2016 అక్టోబరు 11న వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరేటు ఎటువైపు వస్తే అటు నేలకు రెక్కలు వచ్చాయి. సరిగ్గా నాలుగు వారాలకు, నవంబరు 8న, పెద్దనోట్ల రద్దు. నగదు మీద నడిచే బేరం గనుక ఆ దెబ్బ మొదట తగిలింది భూమికే. 2018లో పెబ్బేరు పురపాలక సంఘమైంది. ఇవన్నీ ఆశలను మార్చాయి గాని పాత ప్లాట్ల చిక్కులను విప్పలేదు.

ఆ చిక్కుల పరిమాణం 2020లో బయటపడింది. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ఆ ఆగస్టులో ప్రభుత్వం నిలిపివేసి, రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవడానికి దరఖాస్తులు కోరింది. అక్టోబరు చివరికి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇది నా అంచనాలో మన బుడగకు దొరికిన తొలి జనాభా లెక్క. అన్నీ 2008 నాటివి కావు, తర్వాతివీ కలిసి ఉన్నాయి. అయినా ఏ హక్కూ పూర్తికాని నేల చీలికలు ఎన్ని చేతుల్లో ఉన్నాయో ప్రభుత్వానికి మొదటిసారి అంకెలో తెలిసింది. ఆ దరఖాస్తుల పరిష్కారం కోసం 2025లో కూడా రాయితీలు ప్రకటించవలసి వచ్చింది.

ఈలోగా కోకాపేటలో ధరలు మళ్లీ లేచాయి. 2021 జూలై వేలంలో ఎకరా 60 కోట్లు, 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు. దీనిని చూపి 2008 నాటిది అసలు బుడగే కాదని వాదించేవారున్నారు. ధర తిరిగి వచ్చింది కదా అంటారు. ధర తిరిగి వచ్చిన మాట నిజం. ఎవరి దగ్గరకు వచ్చిందన్నది ప్రశ్న. పదిహేనేళ్లు మిత్తి లేకుండా నేలను పట్టి ఉంచగలిగినవాడి దగ్గరకు వచ్చింది. నోటు తిరగరాయలేక 2012లోనో 2015లోనో ఆ కాగితాన్ని అప్పిచ్చినవాడికే రాసిచ్చినవాడి దగ్గరకు రాలేదు. జపాను సూచీ 2024లో పాత శిఖరం దాటినప్పుడు 1989లో షేర్లు కొన్నవారిలో ఎంతమంది వాటిని ఇంకా పట్టుకొని ఉన్నారన్నది ఎలా ప్రశ్నో, ఇదీ అలాగే. సగటు ధర కోలుకోవడమూ మనిషి కోలుకోవడమూ ఒక్కటి కావు. రెండింటినీ ఒకే గీతమీద చూపే పటం ఆ మధ్య పదిహేనేళ్లనూ చెరిపివేస్తుంది.

2018లో ఎకరాకు పంటకు 4 వేల రూపాయల చొప్పున మొదలైన రైతుబంధు సాయం పట్టాదారు పుస్తకాన్ని ఆధారం చేసుకొంది. రికార్డుల్లో ఇంకా సాగుభూమిగానే ఉన్న వెంచర్లకు కూడా ఆ సాయం అందుతోందన్న విమర్శ అప్పటి నుండీ ఉంది. రైతుభరోసా పేరుతో పథకం మారినప్పుడు, 2025 జనవరిలో రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది ఊరూరా తిరిగి సాగుకు పనికిరాని భూములను గుర్తించారు. గుట్టలు, దారులు, కాలువలు, పరిశ్రమలతో పాటు లేఅవుట్లనూ ఆ జాబితాలో చేర్చారు. నిజాం కాలపు సర్వే నుండి నేటి దాకా ఈ ప్రాంతపు రికార్డుల్లో నేలకు తరి, ఖుష్కి అన్న గడులున్నాయి, బంజరుకూ గైరానుకూ గడులున్నాయి. పంట లేక, ఇల్లు లేక, కడీల మధ్య సర్కారు తుమ్మ మొలిచిన నేలకు పహాణీలో గడి లేదు. 2025లో దానిని రాసుకొన్నది రాళ్ల గుట్టల సరసన.